అడ్వెర్బ్‌ని గుర్తుపట్టడం ఎలా: ‘గా’ ఎక్కడ సాయపడుతుంది, ఎక్కడ ముంచుతుంది

‘ఆమె అందంగా పాడింది.’ ‘ఆమె అందంగా ఉంది.’

తెలుగులో రెండు చోట్లా ఒకే మాట. అక్షరం కూడా తేడా లేదు. ఇంగ్లీష్‌లో మాత్రం మొదటిది “షి శాంగ్ బ్యూటిఫుల్లీ”, రెండోది “షి ఈజ్ బ్యూటిఫుల్”. మొదటి వాక్యంలోది అడ్వెర్బ్, రెండో వాక్యంలోది అడ్జెక్టివ్. తెలుగు మాతృభాషగా ఉన్నవాళ్ళు అడ్వెర్బ్ దగ్గర చేసే తప్పుల్లో చాలావాటికి మూలం ఇక్కడే ఉంది. మన ‘గా’ రెండు పనులు చేస్తుంది, ఇంగ్లీష్ మాటల చివర వచ్చే ‘ఎల్‌వై’ వాటిలో మొదటిదే చేస్తుంది. ‘అడ్వెర్బ్ అంటే క్రియా విశేషణం, చివర ఎల్‌వై ఉంటుంది’ అని బట్టీ పట్టిన నిర్వచనం ఈ తేడాని ఎక్కడా చెప్పదు.

విశాఖ ద్వారకానగర్ పౌర గ్రంథాలయంలో బ్యాంకు పరీక్షకో ఎస్‌ఎస్‌సీ (స్టాఫ్ సెలక్షన్ కమిషన్) పరీక్షకో చదువుకుంటున్నవారికీ, ఇంట్లో పిల్లలకి గ్రామర్ చెప్పే తల్లిదండ్రులకీ పనికొచ్చేలా అడుగు తర్వాత అడుగుగా ఇక్కడ వివరిస్తున్నాం. పక్కన ఒక పెన్సిలు, కాగితం పెట్టుకోండి. గీతలు గీయకుండా ఈ విషయం పట్టుబడదు.

మొదటి అడుగు: ముందు క్రియని పట్టుకోండి

వాక్యం చూడగానే అడ్వెర్బ్ కోసం వెతకకండి. ముందు క్రియ ఎక్కడుందో చూడండి. తెలుగు వాక్యంలో క్రియ చివర కూర్చుంటుంది, ఇంగ్లీష్‌లో కర్త తర్వాత వస్తుంది.

“ది బస్ ఫ్రమ్ గాజువాక యూజువల్లీ స్టాప్స్ హియర్.” ఇక్కడ జరిగే పని ఆగడం. కాబట్టి ‘స్టాప్స్’ కింద గీత గీయండి.

క్రియ రెండు మూడు ముక్కలుగా ఉంటే అన్ని ముక్కల కిందా గీయాలి. “హి హ్యాజ్ నాట్ ఫినిష్‌డ్ ఇట్ యెట్” అన్నప్పుడు ‘హ్యాజ్’, ‘ఫినిష్‌డ్’ రెండూ కలిస్తేనే క్రియ. మధ్యలో ఉన్న ‘నాట్’ క్రియలో భాగం కాదు, అది అడ్వెర్బ్. పరీక్షల్లో చాలామంది వదిలేసే మాట ఇదే. ‘డోంట్’, ‘కాంట్’, ‘ఈజంట్’ లాంటి కుదించిన రూపాల్లో కూడా ఆ ‘నాట్’ దాక్కునే ఉంటుంది.

రెండో అడుగు: క్రియని ప్రశ్నించండి

గీత గీసిన క్రియని పట్టుకుని ఎలా, ఎక్కడ, ఎప్పుడు, ఎన్నిసార్లు, ఎంత మేరకు అని అడగండి. జవాబుగా ఏ మాట వస్తే దాని చుట్టూ సున్నా చుట్టండి. పై వాక్యంలో బస్సు ఎక్కడ ఆగుతుంది? ‘హియర్’. ఎంత తరచుగా? ‘యూజువల్లీ’. రెండు అడ్వెర్బ్‌లు దొరికాయి.

ఎలా అన్నదానికి ‘క్విక్లీ’, ‘కేర్‌ఫుల్లీ’, ‘వెల్’ వంటివి జవాబులు. ఎక్కడ అంటే ‘దేర్’, ‘అవుట్‌సైడ్’, ‘అప్‌స్టెయిర్స్’. ఎప్పుడు అంటే ‘నౌ’, ‘యెస్టర్‌డే’, ‘సూన్’. ఎన్నిసార్లు అంటే ‘ఆల్వేజ్’, ‘ఆఫెన్’, ‘నెవర్’. ఎంత మేరకు అంటే ‘ఆల్మోస్ట్’, ‘కంప్లీట్లీ’, ‘బేర్లీ’.

‘ఎవరిని’, ‘దేనిని’ అన్న ప్రశ్నకి జవాబుగా వచ్చేది మాత్రం కర్మ. దాన్ని అడ్వెర్బ్‌లో కలపకండి. అలాగే కాలాన్ని సూచించే మాట కనిపించగానే సున్నా చుట్టేయడం కూడా ప్రమాదం. “వి విల్ గో టు భీమిలి టుమారో” అన్నప్పుడు ‘టుమారో’ వెళ్ళడం ఎప్పుడో చెబుతోంది కాబట్టి అడ్వెర్బ్. “టుమారో ఈజ్ ఎ హాలిడే” అన్నప్పుడు అదే మాట వాక్యానికి కర్త, కాబట్టి నౌన్ (నామవాచకం). మాట ఏ జాతిదో దాని రూపం చెప్పదు, ఆ వాక్యంలో అది చేసే పని చెబుతుంది. అడ్వెర్బ్‌ల జాబితాని కంఠస్థం చేసినవాళ్ళు పరీక్షలో ఓడిపోయేది ఈ కారణంగానే.

మూడో అడుగు: బాణం గీయండి

సున్నా చుట్టిన మాట నుంచి అది ఎవరి గురించి చెబుతోందో ఆ మాటకి బాణం గీయండి. బాణం నామవాచకానికో సర్వనామానికో తగిలితే అది అడ్జెక్టివ్. క్రియకి గానీ, అడ్జెక్టివ్‌కి గానీ, మరో అడ్వెర్బ్‌కి గానీ, మొత్తం వాక్యానికి గానీ తగిలితే అడ్వెర్బ్.

“ఇట్ వాజ్ ఎ వెరీ హాట్ డే.” మే నెల విశాఖకి సరిపోయే వాక్యం. ‘హాట్’ నుంచి బాణం ‘డే’కి పోతుంది, నౌన్ కాబట్టి ‘హాట్’ అడ్జెక్టివ్. ‘వెరీ’ నుంచి బాణం ‘డే’కి పోదు, ‘హాట్’కి పోతుంది. ‘వెరీ డే’ అనలేం కదా! కాబట్టి ‘వెరీ’ అడ్వెర్బ్.

“షి రన్స్ రియల్లీ ఫాస్ట్.” ‘ఫాస్ట్’ బాణం ‘రన్స్’కి, ‘రియల్లీ’ బాణం ‘ఫాస్ట్’కి. రెండూ అడ్వెర్బ్‌లే. గొలుసులా ఒకదానికొకటి తగులుకుని ఉన్నాయి.

“ఫార్చునేట్లీ, ది సైక్లోన్ టర్న్‌డ్ అవే.” తుపాను అదృష్టవంతురాలై మళ్ళిపోలేదు. అది మళ్ళిపోవడం మన అదృష్టం. ఇక్కడ బాణం మొత్తం వాక్యానికి తగులుతుంది. వాక్యం మొదట్లో కామాతో విడిగా నిలబడే ‘ఫార్చునేట్లీ’, ‘ఫ్రాంక్లీ’, ‘ఆబ్వియస్లీ’ వంటివి చాలావరకు ఇలాంటివే. మాట్లాడేవారి అభిప్రాయాన్ని వాక్యం మీద కప్పుతాయి.

బాణం ఎటు పోవాలో తేలనప్పుడు ఇంకో పరీక్ష ఉంది: మాటని కదిపి చూడటం. “క్వయట్లీ షి క్లోజ్‌డ్ ది డోర్”, “షి క్వయట్లీ క్లోజ్‌డ్ ది డోర్”, “షి క్లోజ్‌డ్ ది డోర్ క్వయట్లీ”. మూడూ నిలబడతాయి. నౌన్ ముందున్న అడ్జెక్టివ్‌ని ఇలా ఊళ్ళు తిప్పలేరు. అయితే ‘వెరీ’, ‘క్వైట్’ లాంటివి తాము పట్టుకున్న మాటని వదిలి కదలవు. కాబట్టి కదిలితే అడ్వెర్బ్ అని నమ్మొచ్చు గానీ, కదలకపోతే కాదని తీర్పు చెప్పకండి.

తీసేసి చూడమనే పరీక్షని కూడా కొందరు చెబుతారు. దాన్ని మేము అంతగా సిఫారసు చేయం. “హి పుట్ ది బ్యాగ్ దేర్” లోంచి ‘దేర్’ తీసేస్తే వాక్యం కుంటుపడుతుంది. అయినా అది అడ్వెర్బే.

నాలుగో అడుగు: ‘ఎల్‌వై’ని ఎంతవరకు నమ్మాలి

ఈ విషయంలో కాస్త చరిత్ర తెలిస్తే బట్టీ పట్టాల్సిన భారం సగం తగ్గుతుంది. పాత ఇంగ్లీష్‌లో అడ్జెక్టివ్‌లు తయారుచేయడానికి ‘లిచ్’ అనే ప్రత్యయం, అడ్వెర్బ్‌లకి దానికే చివర ఒక అచ్చు చేర్చిన ‘లిచె’ లాంటి రూపం ఉండేవి. కాలక్రమంలో ఆ చివరి అచ్చు అరిగిపోయి రెండూ ఒకటే ‘ఎల్‌వై’గా మిగిలాయి. అందుకే నేటికీ ‘ఎల్‌వై’తో అంతమయ్యే అడ్జెక్టివ్‌లున్నాయి: ‘ఫ్రెండ్లీ’, ‘లవ్లీ’, ‘లోన్లీ’, ‘లైవ్లీ’, ‘కాస్ట్లీ’, ‘ఎల్డర్లీ’, ‘కవర్డ్లీ’, ‘అగ్లీ’.

పట్టుకునే సూత్రం ఒకటుంది. ‘ఎల్‌వై’ని తీసేసి మిగిలింది ఏమిటో చూడండి. మిగిలింది నౌన్ అయితే ఆ మాట చాలావరకు అడ్జెక్టివ్: ఫ్రెండ్, కాస్ట్, కవర్డ్ (పిరికివాడు). మిగిలింది అడ్జెక్టివ్ అయితే చాలావరకు అడ్వెర్బ్: క్విక్, సేఫ్, క్లియర్. ‘లోన్లీ’, ‘ఎల్డర్లీ’, ‘డెడ్లీ’ ఈ సూత్రానికి లొంగవు, వాటిని విడిగా గుర్తుపెట్టుకోండి. ‘డైలీ’, ‘వీక్లీ’, ‘మంత్లీ’, ‘ఇయర్లీ’ రెండు పనులూ చేస్తాయి: “ఎ డైలీ పేపర్”లో అడ్జెక్టివ్, “ది పేపర్ కమ్స్ డైలీ”లో అడ్వెర్బ్. ఇక ‘ఫ్యామిలీ’, ‘జులై’, ‘ఇటలీ’, ‘జెల్లీ’ నౌన్లు. ‘రిప్లై’, ‘సప్లై’ నౌన్‌గానూ క్రియగానూ వస్తాయి. వాటి చివర ఉన్నది ప్రత్యయమే కాదు.

‘హి స్పోక్ ఫ్రెండ్లీ’ అనకూడదు. ‘ఫ్రెండ్లిలీ’ అని ఇంకో ‘ఎల్‌వై’ తగిలిస్తే చెవికి ఎబ్బెట్టు. “హి స్పోక్ ఇన్ ఎ ఫ్రెండ్లీ వే” అని సరిపెట్టుకోవాలి.

అసలు ‘ఎల్‌వై’ లేకుండానే అడ్వెర్బ్‌గా పనిచేసే మాటలు మరో గుంపు: ‘ఫాస్ట్’, ‘హార్డ్’, ‘అర్లీ’, ‘లేట్’, ‘స్ట్రెయిట్’, ‘హై’, ‘లో’, ‘నియర్’, ‘బేర్‌ఫుట్’. ఈ జాబితాలో ‘అర్లీ’ చివర ఎల్‌వై కనిపించినా, అది అడ్జెక్టివ్‌గానూ అడ్వెర్బ్‌గానూ అదే రూపంలో వాడే మాట కనుక ఇక్కడే చేర్చాం. పాత ఇంగ్లీష్‌లో చివర అచ్చు చేర్చి అడ్వెర్బ్ చేసే పద్ధతి ఇంకొకటి ఉండేది. ఆ అచ్చు కూడా రాలిపోవడంతో ‘ఫాస్ట్’, ‘హార్డ్’ లాంటివి అడ్జెక్టివ్ రూపంలోనే మిగిలాయి.

ఉత్తరాంధ్ర వాళ్ళకి ఇది కొత్తగా అనిపించకూడదు. ‘వేగంగా రా’ అనే చోట మనం ‘బేగి రా’ అంటాం. అందులో ‘గా’ లేదు, అయినా అది క్రియా విశేషణమేనని ఎవరికీ సందేహం రాదు. ‘ఫాస్ట్’ని ఇంగ్లీష్ ‘బేగి’ అనుకోండి. “కమ్ ఫాస్ట్లీ” అనే తప్పు ఇక నోట రాదు.

హుద్‌హుద్ తుపాను 2014 అక్టోబరు 12న విశాఖ దగ్గర తీరం దాటింది. దాని గురించి రాస్తే “ది సైక్లోన్ హిట్ ది సిటీ హార్డ్” అంటాం. ‘హార్డ్లీ’ అని రాస్తే తుపాను నగరాన్ని దాదాపు తాకనే లేదని అర్థం మారిపోతుంది! సింహాచలం గిరి ప్రదక్షిణలో భక్తులు సుమారు 32 కిలోమీటర్లు నడుస్తారు. “దే వాక్ బేర్‌ఫుట్” అనాలి, ఎల్‌వై అక్కర్లేదు.

ఎల్‌వై చేరితే అర్థమే మారే జంటలు ఇవి, వీటిని మాత్రం బట్టీ పట్టక తప్పదు. ‘హార్డ్’ అంటే కష్టపడి, గట్టిగా, ‘హార్డ్లీ’ అంటే దాదాపు లేనట్టే. ‘లేట్’ అంటే ఆలస్యంగా, ‘లేట్లీ’ అంటే ఈమధ్య. ‘నియర్’ అంటే దగ్గర, ‘నియర్లీ’ అంటే దాదాపు. ‘హై’ అంటే ఎత్తున, ‘హైలీ’ అంటే ఎంతో. “హి వర్క్స్ హార్డ్” మెచ్చుకోలు, “హి హార్డ్లీ వర్క్స్” ఫిర్యాదు. ‘హార్డ్లీ’లోనే ‘కాదు’ అనే అర్థం ఉంది కాబట్టి దాని పక్కన మళ్ళీ ‘నాట్’ పెట్టకూడదు. “ఐ కాంట్ హార్డ్లీ హియర్” తప్పు, “ఐ కెన్ హార్డ్లీ హియర్” ఒప్పు.

స్పెల్లింగ్ సంగతి క్లుప్తంగా: ‘వై’తో అంతమైతే ‘ఐ’గా మారుతుంది, ‘హ్యాపీ’ నుంచి ‘హ్యాపీలీ’. ‘ఎల్ఈ’తో అంతమైతే ‘ఈ’ పోయి ‘వై’ వస్తుంది, ‘జెంటిల్’ నుంచి ‘జెంట్లీ’. ‘ఐసీ’తో అంతమైతే ‘ఏఎల్ఎల్‌వై’ చేరుతుంది, ‘బేసిక్’ నుంచి ‘బేసికల్లీ’, కానీ ‘పబ్లిక్’కి మాత్రం నేరుగా ‘ఎల్‌వై’. ‘ట్రూ’లో చివరి ‘ఈ’ పోయి ‘ట్రూలీ’. ‘కేర్‌ఫుల్’ చివర ఒక ‘ఎల్’, ‘కేర్‌ఫుల్లీ’లో రెండు. చేతిరాతలో ఎక్కువగా జారిపోయేది ఈ రెండో ‘ఎల్’.

ఐదో అడుగు: ‘గా’ పరీక్ష, దాని వెనకున్న గొయ్యి

తెలుగులోకి మార్చినప్పుడు చివర ‘గా’ వస్తే అడ్వెర్బ్ అని పిల్లలకి చెప్పే చిట్కా ఒకటుంది. మంచి చిట్కాయే. ‘స్లోలీ’ నెమ్మదిగా, ‘సడెన్లీ’ హఠాత్తుగా, ‘సేఫ్లీ’ క్షేమంగా. కానీ ఇది ఒక షరతు మీదే పనిచేస్తుంది: వెనక ఉన్న క్రియ ఏదో ఒక పనిని చెప్పాలి.

‘గా’ అనేది ‘అగు’ అనే క్రియ నుంచి పుట్టిన రూపం. అంటే దాని మూలంలోనే ‘అవడం, ఉండటం’ ఉంది. అందుకే మనం పని జరిగే తీరుకీ ‘గా’ వాడతాం, మనిషి ఉన్న స్థితికీ ‘గా’ వాడతాం. నీరసంగా ఉన్నాను, కోపంగా కనిపించాడు, పులుసు కమ్మగా ఉంది, గొంతు బొంగురుగా వినిపించింది. ఇవి స్థితులు. ఇంగ్లీష్ ఈ స్థితులన్నిటికీ అడ్జెక్టివ్‌నే వాడుతుంది. “ఐ యామ్ వీక్.” “హి లుక్‌డ్ యాంగ్రీ.” “ది కర్రీ టేస్ట్స్ డెలీషియస్.” “హర్ వాయిస్ సౌండ్స్ హోర్స్.” ‘డెలీషియస్లీ’ అని రాసేవారి మనసులో ‘కమ్మగా’ మెదులుతోందన్నమాట.

ఇలా కర్తని దాని స్థితితో కలిపే క్రియలని లింకింగ్ వెర్బ్‌లంటారు. ‘బి’ రూపాలన్నీ, ‘సీమ్’, ‘బికమ్’, ‘రిమెయిన్’ ఎక్కువగా ఇదే పని చేస్తాయి. ‘లుక్’, ‘ఫీల్’, ‘టేస్ట్’, ‘స్మెల్’, ‘సౌండ్’, ‘టర్న్’, ‘గ్రో’ మాత్రం ఒకసారి స్థితిని, ఒకసారి పనిని చెబుతాయి. తంటా అంతా ఈ ఏడింటితోనే.

వీటిని తేల్చడానికి ఆ క్రియ తీసేసి దాని చోట ‘ఈజ్’ లేదా ‘వాజ్’ పెట్టండి. అర్థం ఉజ్జాయింపుగా నిలబడితే తర్వాత అడ్జెక్టివ్ రావాలి. అర్థం చెడిపోతే అడ్వెర్బ్ రావాలి.

ఫిషింగ్ హార్బర్‌లో రెండు దృశ్యాలు ఊహించుకోండి. నిన్నటి చేప చెడు వాసన వేస్తోంది: “ది ఫిష్ స్మెల్స్ బ్యాడ్.” ‘స్మెల్స్’ చోట ‘ఈజ్’ పెడితే “ది ఫిష్ ఈజ్ బ్యాడ్”, నిలబడింది. కాబట్టి ‘బ్యాడ్’ అడ్జెక్టివ్, బాణం ‘ఫిష్’కి. కొనేవారు చేపని జాగ్రత్తగా వాసన చూశారు: “ది బయ్యర్ స్మెల్డ్ ది ఫిష్ కేర్‌ఫుల్లీ.” ఇక్కడ ‘వాజ్’ పెడితే కొనేవారే చేప అయిపోతారు, అర్థం చెడింది. ఇది పని, కాబట్టి ‘కేర్‌ఫుల్లీ’ అడ్వెర్బ్. “ది ఫిష్ స్మెల్స్ బ్యాడ్లీ” అంటే ఆ చేపకి వాసన చూడటం సరిగా రాదని అర్థం వస్తుంది.

‘గుడ్’, ‘వెల్’ల గొడవ కూడా దీనితోనే తీరుతుంది. బాగా పాడింది, ‘శాంగ్ వెల్’. పాట బాగుంది, ‘సౌండ్స్ గుడ్’. ఒక్క మెలిక ఉంది: ఆరోగ్యం గురించి “ఐ యామ్ వెల్” అన్నప్పుడు ‘వెల్’ అడ్జెక్టివ్.

పనిని చెప్పే క్రియ ఉన్నా, తర్వాతి మాట కర్త స్థితిని చెప్పే సందర్భాలూ ఉన్నాయి. “హి కేమ్ హోమ్ టైర్డ్.” అలసిపోయి ఇంటికొచ్చాడు. అలసట రావడానిదా, మనిషిదా? మనిషిది. అడ్జెక్టివ్.

ఆరో అడుగు: ‘అప్’, ‘ఇన్’, ‘డౌన్’ ఎటు చెందుతాయి

“వి వెంట్ అప్ ది హిల్.” “ది రోప్‌వే క్యాబిన్ వెంట్ అప్ స్లోలీ.” కైలాసగిరి మీద రెండు వాక్యాలు. మొదటిదానిలో ‘అప్’ తర్వాత ‘ది హిల్’ అనే నౌన్ దానికి అతుక్కుని ఉంది, కాబట్టి ప్రిపొజిషన్. రెండోదానిలో ‘అప్’ ఒంటరిగా నిలబడి ఎటు వెళ్ళిందో చెబుతోంది, కాబట్టి అడ్వెర్బ్. ‘కమ్ ఇన్’, ‘సిట్ డౌన్’, ‘గో అవే’ అన్నిట్లోనూ చివరి మాట అడ్వెర్బే.

ఇక్కడే మన విభక్తి ప్రత్యయం ‘కి’ ఇంకో తప్పు చేయిస్తుంది. ‘ఇంటికి వెళ్ళాడు’, ‘ఇక్కడికి రా’, ‘విదేశాలకు వెళ్ళింది’ అని మనం అంటాం కాబట్టి ‘గో టు హోమ్’, ‘కమ్ టు హియర్’, ‘వెంట్ టు అబ్రాడ్’ అని రాసేస్తాం. ‘హోమ్’, ‘హియర్’, ‘దేర్’, ‘అబ్రాడ్’, ‘అప్‌స్టెయిర్స్’ ఇలాంటి చోట అడ్వెర్బ్‌లు. మన ‘కి’ వాటి అర్థంలోనే ఇమిడి ఉంది. ‘టు’ తీసేయండి: “గో హోమ్”, “కమ్ హియర్”, “వెంట్ అబ్రాడ్”.

ఏడో అడుగు: చోటు

‘నిన్న సాయంత్రం బీచ్‌లో పిల్లలు సంతోషంగా ఆడుకున్నారు.’ “ది చిల్డ్రన్ ప్లేడ్ హ్యాపీలీ ఆన్ ది బీచ్ యెస్టర్‌డే ఈవెనింగ్.”

రెండిటినీ ఒకదాని కింద ఒకటి రాసి చూడండి. తెలుగులో కాలం, చోటు, తీరు, క్రియ. ఇంగ్లీష్‌లో క్రియ, తీరు, చోటు, కాలం. అద్దంలో బొమ్మలా సరిగ్గా తిరగబడింది. అనువాదం చేసేటప్పుడు తెలుగు వాక్యాన్ని చివర్నుంచి వెనక్కి చదువుకుంటూ వస్తే ఇంగ్లీష్ వరుస దాదాపు కుదిరిపోతుంది. ‘గో’, ‘కమ్’ లాంటి కదలిక క్రియలకి మాత్రం చోటు ముందొస్తుంది: “షి వెంట్ హోమ్ క్విక్లీ.”

క్రియకీ దాని కర్మకీ మధ్య అడ్వెర్బ్‌ని దూర్చకూడదు. “హి స్పీక్స్ వెల్ ఇంగ్లీష్” తప్పు, “హి స్పీక్స్ ఇంగ్లీష్ వెల్” ఒప్పు.

‘ఆల్వేజ్’, ‘ఆఫెన్’, ‘నెవర్’ లాంటివి ప్రధాన క్రియకి ముందు వస్తాయి: “ఐ ఆల్వేజ్ గెట్ డౌన్ ఎట్ మద్దిలపాలెం.” ‘బి’ క్రియ ఉంటే దాని తర్వాత: “హి ఈజ్ ఆల్వేజ్ లేట్.” సహాయక క్రియ ఉంటే దానికీ ప్రధాన క్రియకీ మధ్య: “ఐ హ్యావ్ నెవర్ సీన్ బొర్రా కేవ్స్.” ‘వన్స్ ఎ ఇయర్’ లాంటి పదబంధాలు మాత్రం సాధారణంగా చివరికి పోతాయి. సింహాచలంలో అక్షయ తృతీయ నాటి చందనోత్సవంలో నిజరూప దర్శనం ఏడాదికి ఒక్కసారే: “ఇట్ హ్యాపెన్స్ వన్స్ ఎ ఇయర్.”

‘నెవర్’, ‘హార్డ్లీ’, ‘సెల్డమ్’ వాక్యం మొదటికొస్తే వెనకున్న సహాయక క్రియ కర్తకి ముందుకొస్తుంది: “నెవర్ హ్యావ్ ఐ సీన్ సచ్ వేవ్స్.” తప్పులు దిద్దే ప్రశ్నల్లో దీన్ని ఇష్టంగా అడుగుతారు.

మన మాటలు నాలుగు, ఇంగ్లీష్ మాటలు చాలా

కొన్ని తెలుగు మాటలు ఒక్కటే రెండు మూడు అడ్వెర్బ్‌ల పని మోస్తాయి. ఇక్కడ తొందరపడకండి.

‘బాగా’: బాగా రాశాడు అంటే ‘వెల్’, బాగా అలసిపోయాడు అంటే ‘వెరీ’, వర్షం బాగా కురిసింది అంటే ‘హెవిలీ’.

‘చాలా’: అడ్జెక్టివ్, అడ్వెర్బ్ ముందు ‘వెరీ’. క్రియతో అయితే ‘వెరీ మచ్’, అదీ చివర. “ఐ వెరీ లైక్ ఇట్” కాదు, “ఐ లైక్ ఇట్ వెరీ మచ్”. పోలికలో ‘మచ్’: “మచ్ బెటర్”. ‘వెరీ బెటర్’, ‘మోర్ బెటర్’ రెండూ తప్పే. ‘టూ’ని ‘చాలా’ అనుకునేవారు ఎక్కువ. దానికి సరైన తెలుగు ‘మరీ’. “ది టీ ఈజ్ టూ హాట్” అంటే టీ మరీ వేడి, తాగలేం. భోజనం బాగుందని చెప్పడానికి ‘టూ గుడ్’ మన దగ్గర వాడుకలో ఉన్నా, పరీక్షలో ‘వెరీ గుడ్’ అనే రాయండి.

‘ఇంకా’: అన్నిటికన్నా చిక్కు మాట. ‘ఇంకా ఇక్కడే ఉన్నాడు’ అంటే “హి ఈజ్ స్టిల్ హియర్”. ‘ఇంకా రాలేదు’ అంటే “హి హ్యాజ్ నాట్ కమ్ యెట్”. ‘ఇంకా కావాలి’ అంటే ‘మోర్’, అక్కడ అడ్వెర్బ్ ఊసే లేదు. క్రియ ‘ఉంది’ అంటే ‘స్టిల్’, ‘లేదు’ అంటే ‘యెట్’ అని పెట్టుకుంటే ఎక్కువ చోట్ల సరిపోతుంది. ‘అప్పుడే వచ్చేశాడా!’ అని ఆశ్చర్యపడితే ‘ఆల్‌రెడీ’.

‘మాత్రమే’: తెలుగులో తాను పట్టుకునే మాట వెనక వస్తుంది, ఇంగ్లీష్ ‘ఓన్లీ’ దాని ముందు రావాలి. ‘రవి మాత్రమే ఇడ్లీ తిన్నాడు’ అంటే “ఓన్లీ రవి ఏట్ ఇడ్లీ”. ‘రవి ఇడ్లీ మాత్రమే తిన్నాడు’ అంటే “రవి ఏట్ ఓన్లీ ఇడ్లీ”. ‘ఐ యామ్ హియర్ ఓన్లీ’ అనడం మన ‘ఇక్కడే’ లోని చివరి ‘ఏ’ని మోసుకెళ్ళడమే. ‘మెల్లమెల్లగా’ని ‘స్లోలీ స్లోలీ’ అనడమూ అంతే. ఇంగ్లీష్‌లో అది ‘గ్రాడ్యువల్లీ’.

సాధన

కింది వాక్యాలకి గీత, సున్నా, బాణం మూడూ వేసి, తర్వాతే జవాబులు చూడండి.

1. ది ఫిషర్‌మెన్ అరైవ్‌డ్ అర్లీ అండ్ అన్‌లోడెడ్ ది బోట్ క్విక్లీ.
2. ది డైలీ ట్రెయిన్ టు అరకు వాజ్ ఆల్మోస్ట్ ఫుల్.
3. అవర్ ఫ్రెండ్లీ నైబర్ హార్డ్లీ స్లెప్ట్.
4. షి లుక్‌డ్ అప్, బట్ ది బస్ హ్యాడ్ ఆల్‌రెడీ గాన్.
5. హి లుక్‌డ్ నెర్వస్ అండ్ లుక్‌డ్ నెర్వస్లీ ఎట్ ది క్లాక్.
6. ది సబ్‌మెరైన్ నెవర్ వెంట్ బ్యాక్ టు సీ. ఇట్ నౌ స్టాండ్స్ సైలెంట్ ఆన్ ది బీచ్.

మొదటిదానిలో ‘అర్లీ’, ‘క్విక్లీ’ రెండూ అడ్వెర్బ్‌లు. రెండోదానిలో ‘ఆల్మోస్ట్’ ఒక్కటే, దాని బాణం ‘ఫుల్’కి. ‘డైలీ’ ట్రెయిన్‌కి చెందిన అడ్జెక్టివ్. మూడోదానిలో ‘హార్డ్లీ’, అర్థం ‘దాదాపు నిద్రే పోలేదు’. నాలుగోదానిలో ‘అప్’, ‘ఆల్‌రెడీ’. ‘అప్’ తర్వాత కామా ఉంది, నౌన్ లేదు. ఐదోదానిలో మొదటి ‘లుక్‌డ్’ చోట ‘వాజ్’ పెడితే నిలబడుతుంది కాబట్టి ‘నెర్వస్’ అడ్జెక్టివ్. రెండో ‘లుక్‌డ్’ చూడటం అనే పని కాబట్టి ‘నెర్వస్లీ’ అడ్వెర్బ్. తెలుగులో రెండూ ‘కంగారుగా’నే: కంగారుగా కనిపించాడు, కంగారుగా చూశాడు.

ఆరోది ఆర్కే బీచ్ ఒడ్డున ఉన్న కురుసుర గురించి. 1969లో నౌకాదళంలో చేరి, 2001లో సేవ నుంచి తప్పుకుని, 2002లో మ్యూజియంగా తెరుచుకున్న జలాంతర్గామి అది. వాక్యంలో ‘నెవర్’, ‘బ్యాక్’, ‘నౌ’ అడ్వెర్బ్‌లు. ‘సైలెంట్’ దగ్గర ఆగండి. తెలుగులో ‘నిశ్శబ్దంగా నిలబడి ఉంది’ అనగానే చెయ్యి ‘సైలెంట్లీ’ వైపు పోతుంది. ‘స్టాండ్స్’ చోట ‘ఈజ్’ పెట్టి చదవండి: “ఇట్ ఈజ్ సైలెంట్.” నిలబడింది. ఇక బాణం ‘ఇట్’ మీదుగా జలాంతర్గామికే పోతుంది.